ఒక దీపం స్థానంలో ఆరు దీపాలు

మిద్దె ఇళ్ళలో చాలాకాలం గదికి ఒకే దీపం ఉండేది. శ్లాబు నడుమనుంచి జంట తీగ వేలాడుతుంది. దాని చివర హోల్డరు, హోల్డరులో బల్బు. తీగ కప్పును తాకేచోట ఉండే గుండ్రని మూతను సీలింగ్ రోజ్ అంటారు. ఇప్పుడు అనేక ఇళ్ళలో ఆ దీపం కనబడదు. శ్లాబుకు జానెడు దిగువగా ఇనుప చట్రం బిగించి, దానికి జిప్సం పలకలు తాపి, ఆ పలకలలో గుండ్రని రంధ్రాలు కోసి, చిన్న చిన్న ఎల్.ఇ.డి. దీపాలను పొదుగుతున్నారు. బజారులో వీటిని డౌన్‌లైట్లు అంటారు. దీపం ఒకటి పోయి ఆరు వచ్చాయి. కాని శ్లాబులోంచి దిగే తీగలు మాత్రం పాతవే, రెండే. ఆ రెంటితో ఆరు దీపాలు వెలిగించడం ఎట్లా?

ఈ ప్రశ్న విద్యుద్దీపమంత పాతది. 1870ల చివరలో వీధులను వెలిగించిన ఆర్కు దీపాలు కళ్ళు మిరుమిట్లు గొలిపేవి. ఇంట్లో పెట్టుకోదగినవి కావు. ఆ పెద్ద వెలుగును చిన్న చిన్న దీపాలుగా పంచగలమా అన్నది ఆనాటి పెద్ద చర్చ. బ్రిటిషు తపాలా శాఖ ఇంజనీరు విలియం ప్రీస్ 1879లో లెక్కలు కట్టి, అది సాధ్యం కాదని తేల్చాడు. ఆయన లెక్కలో తప్పు లేదు. లెక్కకు ఆధారంగా తీసుకున్న దీపాలే వేరు. ఎడిసన్ సన్నని తంతువుతో, ఎక్కువ నిరోధంగల దీపాలు తయారుచేసి, వాటిని ఒకదాని వెనుక ఒకటిగా కాక పక్కపక్కన కలిపాడు. 1882 సెప్టెంబరులో న్యూయార్కులోని పెర్ల్ స్ట్రీట్ కేంద్రంనుంచి ఆ పద్ధతిలోనే ఇళ్ళకు దీపాలు వెలిగాయి.

పక్కపక్కన కలపడానికీ, వరుసగా కలపడానికీ ఎంత తేడా ఉన్నదో చూద్దాం. మన ఇళ్ళలో విద్యుత్ పీడనం 230 వోల్టులు. 100 వాట్ల తంతు దీపాలు ఆరింటిని గొలుసులాగా ఒకదాని తరువాత ఒకటి తగిలించామనుకొందాం. ఇది శ్రేణి సంధానం. 230 వోల్టులను ఆరు దీపాలూ పంచుకొంటాయి కాబట్టి ఒక్కొక్కదానికి దక్కేది 38 వోల్టులు. పీడనం ఆరో వంతయితే సామర్థ్యం ముప్పయ్యారో వంతవుతుంది. అంటే ఒక్కొక్క దీపం 100 వాట్లకు బదులు సుమారు 3 వాట్లతో సరిపెట్టుకోవాలి. చల్లని తంతువుకు నిరోధం తక్కువ కనుక నిజానికి కాస్త ఎక్కువే వస్తుంది. అయినా కనబడేది ఎర్రని తీగే గాని వెలుగు కాదు. పైగా ఒక దీపం మాడిందంటే అయిదూ ఆరిపోతాయి. ఎల్.ఇ.డి. దీపాల సంగతి ఇంకా అధ్వాన్నం: వాటిలోని చిన్న పరికరానికి నిర్ణీత పీడనం అందకపోతే అవి రెపరెపలాడుతాయి, లేదా అసలు వెలగవు.

ఆరు దీపాలకూ ఒక కొసను ఫేజు తీగకు, రెండవ కొసను న్యూట్రల్ తీగకు తగిలిస్తే అది సమాంతర సంధానం. ప్రతి దీపానికీ నిండుగా 230 వోల్టులు అందుతాయి. ఒకటి మాడినా తక్కినవి వెలుగుతూనే ఉంటాయి. పంచుకొనేది పీడనాన్ని కాదు, ప్రవాహాన్ని. బడిలో రెండు టార్చి సెల్లులతో, మూడు టార్చి బల్బులతో ఈ రెండు పద్ధతులనూ పది నిమిషాలలో చేసి చూపవచ్చు. శ్రేణిలో ఒక బల్బును విప్పి చూడమని ఒక విద్యార్థిని పిలిస్తే, ఆపైన సూత్రం ఎవరికీ మరపు రాదు.

కాబట్టి పాత దీపం తీసిన చోట ఒక చిన్న పెట్టె అమర్చి, అక్కడినుంచి మొదటి డౌన్‌లైటుకు, దానినుంచి రెండవదానికి, ఇట్లా ఆరింటివరకు ఫేజు, న్యూట్రల్ తీగలను జంటగా సాగదీయాలి. ఆరు దీపాలూ మణిహారంలో పూసలలాగా కనబడతాయి గనుక శ్రేణి అని పొరబడే అవకాశం ఉన్నది. తీగ ఒక దీపం నుంచి మరొక దీపానికి పోతున్నా, దీపంలోంచి పోవడం లేదు. దీపం పక్కనున్న మరచుట్టును తాకి ముందుకు పోతున్నది.

ఆ రెండు తీగలలో ఏది ఏదో తెలుసుకొని మరీ పని మొదలుపెట్టాలి. మన దేశంలో వాడుక ప్రకారం ఎరుపు, పసుపు, నీలం తీగలు ఫేజుకు, నలుపు న్యూట్రల్‌కు, ఆకుపచ్చ ఎర్తుకు. అయితే పాత ఇంటిలో రంగును నమ్మడం కంటె పరీక్షను నమ్మడం మేలు. చేతికి దొరికిన తీగతో పని ముగించినవారు తక్కువమంది కారు. స్విచ్చు ఎప్పుడూ ఫేజు తీగమీదనే ఉండాలి. న్యూట్రల్‌మీద ఉన్నా దీపం చక్కగా వెలుగుతుంది, ఆరుతుంది. తేడా తెలిసేది నిచ్చెన ఎక్కినప్పుడే: దీపం ఆరి ఉన్నా దాని తీగలో 230 వోల్టులూ అలాగే ఉంటాయి. ఎల్.ఇ.డి. దీపం కొన్ని ఇళ్ళలో స్విచ్చు ఆపిన తరువాత కూడా మిణుగురులాగా వెలుగుతూ ఉంటుంది. పొడవైన తీగలు పక్కపక్కన నడిచినప్పుడు వాటి మధ్య జారే అతిసూక్ష్మ ప్రవాహంవల్ల అట్లా జరగవచ్చు. స్విచ్చు న్యూట్రల్‌మీద ఉండడంవల్లనూ జరగవచ్చు. రెండవదేమోనని చూడకుండా వదిలివేయరాదు. పని జరిగేటప్పుడు ఒక్క స్విచ్చు ఆపితే చాలదు. ఆ వలయానికి చెందిన ఎం.సి.బి.ని ఆపి, టెస్టరుతో చూసిన తరువాతనే తీగను ముట్టాలి.

వేలాడే దీపానికి లేని ప్రమాదం ఒకటి ఈ రెండవ కప్పుతో వచ్చింది. వేలాడే తీగ కంటికి ఎదురుగా ఉండేది. దాని పైపొర చిట్లితే ఇంటివారే చూసేవారు. ఇప్పుడు తీగ కప్పు వెనుక ఉన్నది. అది ఆనుకొని ఉన్న చట్రమో, జింకుపూత రేకును వంచి చేసినది, అంచులు కత్తిలాంటివి. తీగను చట్రంమీద ఊరికే పడవేస్తే, కాలక్రమాన ఎక్కడో ఒకచోట పైపొర కోసుకుపోయి రాగి ఇనుమును తాకుతుంది. అప్పుడు గదినిండా పరచుకొన్న చట్రం మొత్తానికీ విద్యుత్తు ఎక్కుతుంది. చిత్రమేమంటే, దీపాలన్నీ యథాప్రకారం వెలుగుతూనే ఉంటాయి. చట్రంనుంచి భూమికి దారి లేదు కాబట్టి ఎక్కువ ప్రవాహం ఉండదు, ఎం.సి.బి. పడదు. ఆ దారిని ఏర్పరచేది, ఎప్పుడో రంగు వేయడానికి ఎక్కి చట్రపు మేకును తాకిన మనిషి శరీరమే.

దీనికి మందు మూడు విధాలు. తీగలను పి.వి.సి. గొట్టంలోనే నడపాలి, ఎలుకల బెడద ఉన్న ఊళ్ళలో ఇది రెండింతలు అవసరం. లోహపు తొడుగుగల దీపాలకు ఆకుపచ్చ తీగను తప్పక కలపాలి. పాత దీపానికి రెండు తీగలే ఉండేవి గనుక మూడవది స్విచ్చుబోర్డునుంచి కొత్తగా లాగవలసి వస్తుంది. ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు చతురస్రాల గుర్తు ఉన్న దీపానికి మాత్రం ఎర్తు అక్కరలేదు. దానికి బంధక పొర రెండింతలు ఉంటుంది. ఇక మూడవది ఆర్.సి.సి.బి. అనే పరికరం. పోయే ప్రవాహానికీ తిరిగివచ్చే ప్రవాహానికీ 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనబడితే చాలు, అది రెప్పపాటులో వలయాన్ని తెంచివేస్తుంది.

ఆరు దీపాల బరువును పాత తీగ మోయగలదా అని చాలామంది అడుగుతారు. ఇది నిజానికి భయపడవలసిన చోటు కాదు. 9 వాట్ల దీపాలు ఆరు కలిసి 54 వాట్లు. తీసివేసిన ఒక్క 100 వాట్ల బల్బుకంటె తక్కువ. దీపాలలోని పరికరాలు కొంత అదనపు ప్రవాహాన్ని లాగినా మొత్తం అర ఆంపియరు దాటడం అరుదు. దీపాలకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు అది లెక్కలోనిది కాదు. ఎల్.ఇ.డి.కి ముందు వాడుకలో ఉన్న 12 వోల్టుల హాలోజన్ దీపాల కథ వేరు. 50 వాట్లవి ఆరింటిని ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీద పెడితే 12 వోల్టుల వైపు 25 ఆంపియర్లు నడుస్తాయి. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గాన్ని బట్టి ఉంటుంది. 0.05 ఓముల నిరోధంగల ఒక వదులు అతుకులో అర ఆంపియరు పుట్టించే వేడి 0.0125 వాట్లు, 25 ఆంపియర్లు పుట్టించేది 31 వాట్లు. టంకం కడ్డీ ఒకటి కప్పులో దాగి ఉన్నట్లే. ప్రవాహం తగ్గినంతమాత్రాన అతుకులను మెలివేసి, టేపు చుట్టి వదలవచ్చునని కాదు. వదులు అతుకు నిప్పురవ్వలు చిమ్ముతుంది. మరలతో బిగించే కనెక్టరులోనే కలపాలి. దీపాన్ని కిందికి లాగితే రంధ్రంలోంచి చేతికందేటట్లు ఉంచాలి.

దీపాల వేడి మరొక సంగతి. ఎల్.ఇ.డి. చల్లని దీపమని పేరేగాని, అది తీసుకొనే శక్తిలో సగానికి పైగా వేడిగానే మారుతుంది. ఆ వేడి దీపం వీపునుంచి గాలిలోకి పోవాలి. చివరి అంతస్తులో, రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల ఎండకు కాగిన శ్లాబు కింద ఆ గాలి ముందే వేడెక్కి ఉంటుంది. దీపపు పరికరంలోని కెపాసిటరు ఆయుర్దాయం ప్రతి 10 డిగ్రీల వేడికీ సుమారు సగమవుతుంది. దూది, పాత గుడ్డలు, సిమెంటు సంచులు కప్పు వెనుక వదిలివేసే అలవాటు అందుకే చెడ్డది.

రంధ్రాలు కోసేముందు ఫాను సంగతి ఆలోచించాలి. 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పుగల గదిలో మూడేసి దీపాలు రెండు వరుసలుగా పెడితే, నడిమి దీపాలు ఫాను మధ్యనుంచి 3 అడుగుల దూరాన పడతాయి. 48 అంగుళాల ఫాను రెక్క 2 అడుగులవరకు చాస్తుంది. కప్పుకు అడుగు దిగువన తిరుగుతుంది. దీపపు వెలుగు శంకువులాగా దిగుతుంది. దాని కోణం 60 డిగ్రీలయితే, రెక్కల మట్టానికి వచ్చేసరికి ఆ వెలుగు దీపం నుంచి 7 అంగుళాలే పక్కకు విస్తరిస్తుంది, రెక్కకు తగలదు. 90 డిగ్రీల దీపమయితే సరిగ్గా 12 అంగుళాలు విస్తరించి రెక్క కొసను తాకుతుంది. నిమిషానికి 350 చుట్లు తిరిగే మూడు రెక్కల ఫాను ఆ వెలుగును సెకనుకు 17 సార్లకు పైగా తెంచుతుంది. పుస్తకంమీద నీడ అదురుతుంది, చదివే పిల్లవాడి కళ్ళు బడలుతాయి. వెడల్పు కోణపు దీపాలే కొని ఉంటే, రంధ్రాలను గోడలవైపు మరొక అడుగు జరిపి కోయించడం మంచిది.