అవిడెమక్స్

అవిడెమక్స్ వీడియోలను కత్తిరించడానికి, అతికించడానికి, ఒక రూపం నుండి మరొక రూపానికి మార్చడానికి ఉపయోగపడే స్వేచ్ఛా సాఫ్టువేరు. దీనిని మొదట మీన్ అనే మారుపేరు గల ప్రోగ్రామరు రాశారు. ఇది గ్నూ జీపీఎల్ లైసెన్సు క్రింద లభిస్తుంది. లినక్సుతో పాటు బీఎస్‌డీ, మ్యాక్, విండోస్ నిర్వహణ వ్యవస్థలపై కూడా పనిచేస్తుంది. ర్యామ్ తక్కువగా ఉన్న పాత కంప్యూటర్లలో చిన్నపాటి వీడియో పనులకు ఇది బాగా నప్పుతుంది.

కాపీ విధానం

వీడియో ఫైలులో రెండు అంశాలుంటాయి. ఎంపీ4, ఎంకేవీ వంటివి కేవలం పెట్టెలు (కంటెయినర్లు). లోపలి బొమ్మలను కుదించే పద్ధతిని కోడెక్ అంటారు. 2003లో ప్రమాణంగా వెలువడిన హెచ్.264 అటువంటిది. పెట్టె మార్చడానికి గానీ, మొదలూ చివరా తీసివేయడానికి గానీ లోపలి బొమ్మలను మళ్ళీ కుదించనవసరం లేదు. అవిడెమక్స్‌లో వీడియో, ఆడియో రెండింటికీ "కాపీ" ఎంచుకుంటే గంట నిడివి గల ఫైలు కూడా డిస్కు వేగాన్ని బట్టి నిమిషాలలోనే తయారవుతుంది, నాణ్యత ఏమాత్రం తగ్గదు. ఈ సంగతి తెలియక చాలామంది చిన్న ముక్క కోయడానికి కూడా గంటల తరబడి ఎన్‌కోడింగు చేస్తూ, ప్రతిసారీ కొంత నాణ్యతను శాశ్వతంగా పోగొట్టుకుంటారు.

అయితే దీనికొక పరిమితి ఉంది. కుదించిన వీడియోలో కీ ఫ్రేములు మాత్రమే సంపూర్ణ చిత్రాలు. మిగిలినవి పక్క ఫ్రేములతో గల తేడాలను మాత్రమే దాచుకుంటాయి. కనుక కాపీ విధానంలో ప్రతి ముక్కా కీ ఫ్రేము వద్దనే మొదలు కావాలి, లేనిచో బొమ్మ చెదురుతుంది. డీవీడీలలో కీ ఫ్రేములు సుమారు అర సెకనుకొకటి వస్తాయి. ఎక్స్264 ఎన్‌కోడరు మాత్రం, ఏమీ మార్చకపోతే, 250 ఫ్రేముల వరకు ఎడం ఇవ్వగలదు. అంటే సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో 10 సెకన్లు. కీబోర్డుపై పైకి, క్రిందికి చూపే బాణాలతో ఒక కీ ఫ్రేము నుండి మరొకదానికి వెళ్ళవచ్చు.

ఎన్‌కోడింగు

బొమ్మ పరిమాణం మార్చాలన్నా, వడపోతలు వాడాలన్నా ఎన్‌కోడింగు తప్పదు. ఫైలు ఇంత పరిమాణంలోనే ఉండాలనుకుంటే దానిని నిడివితో భాగించాలి. ఉదాహరణకు 700 మెగాబైట్ల సీడీలో 90 నిమిషాల చిత్రం పట్టాలంటే సెకనుకు మొత్తం సుమారు 1,087 కిలోబిట్లు వస్తాయి. ఆడియోకు 128 పోగా వీడియోకు మిగిలేది 950 పైచిలుకు. ఇప్పుడు సీడీల అవసరం లేదు కాబట్టి నాణ్యతను స్థిరంగా ఉంచే సీఆర్ఎఫ్ పద్ధతే మేలు. ఎక్స్264లో దీని సహజ విలువ 23. సంఖ్య తగ్గేకొద్దీ నాణ్యతా, ఫైలు పరిమాణమూ పెరుగుతాయి.

ఇతర సాఫ్టువేర్లు

హ్యాండ్‌బ్రేక్‌ను 2003లో ఎరిక్ పెటిట్ బీఓఎస్ కొరకు ప్రారంభించారు. ఎన్‌కోడింగుకు ఇది సులువైనదే గానీ, వీడియోను ఎప్పుడూ తిరిగి కుదిస్తుంది కనుక కాపీకి పనికిరాదు. 2000లో ఫాబ్రీస్ బెల్లార్ ప్రారంభించిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ అన్నిటికన్నా తేలికైనది, అవిడెమక్స్ కూడా దాని లైబ్రరీలను వాడుకుంటుంది. కానీ దానిలో ఆదేశాలను టైపు చేయాలి. పలు దృశ్యాలను ఒకదానిపై ఒకటి పేర్చవలసిన పనికి అవిడెమక్స్‌లో బహుళ ట్రాకుల సౌకర్యం లేదు. అందుకు కేడెన్‌లైవ్ వంటివి కావాలి, వాటికి తగిన ర్యామ్ కూడా ఉండాలి.