శిరోజములు – మర్యాద

గ్రామపెద్దలారా! గడివేములలో నొక వృద్ధుఁడు, "అయ్యగారూ, జుట్టు తీయించుకొన్న పిల్లను ఆరాధనకు రానీయవచ్చునా?" యని నన్నడిగెను. విచారింపఁగా, ఆ బాలికకు సన్నిపాతజ్వరమున జుట్టు రాలినదనియు, మిగిలినది తీయించిరనియుఁ దెలిసెను. పెద్దలు గొణుగుటచే నామె మూఁడు వారములుగా గుడికి రాలేదఁట.

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయమున స్త్రీకి నిడుజుట్టు ఘనతయని చెప్పుట నిజమే. కాని తిమోతి మొదటి పత్రిక 2వ అధ్యాయమున జడలను బంగారముతోను, ముత్యములతోను గలిపి చెప్పుటచే, అచట మందలింపఁబడినది ఆడంబరమే యని నాకుఁ దోఁచుచున్నది. మన కుమారుల క్రాపుల సోకును మన మెన్నఁడైనఁ బ్రశ్నించితిమా?

ఈ చిక్కు క్రొత్తది కాదు. 19వ శతాబ్దమునఁ గొందఱు మిషనరీలు క్రైస్తవ పురుషులు పిలక తీసివేయవలెనని పట్టుపట్టిరి. 1856లో ద్రావిడభాషల వ్యాకరణము ప్రకటించిన కాల్డ్వెల్ దొరగారు, పిలక దేశాచారమే గాని విగ్రహారాధన చిహ్నము కాదని 1875లో వెలువడిన వ్యాసమున వాదించిరి. నంద్యాల సీమలో సేవచేసిన ఎస్.పి.జి. సంఘమువారే ఆయనయు.

లూకా సువార్త 7వ అధ్యాయమున నొక స్త్రీ తన తలవెండ్రుకలతోఁ బ్రభువు పాదములు తుడిచెను. ఇంటివాఁ డామె చెడ్డపేరును జూచెను. ప్రభు వామె ప్రేమను జూచెను.

"శుభ్రముగా, కొంగు కప్పుకొని వచ్చినఁ జాలును. ముందుగా మీరే పోయి పిలువుఁడు" అంటిని. మఱుసటి యాదివారము ఆ వృద్ధుఁడే యామెను వెంటఁబెట్టుకొని వచ్చెను.