దేశనాయకుల ముఖాముఖి సంభాషణలు – వానిని చదువు విధము

నేడు ప్రపంచములో ఎక్కడ యుద్ధము వచ్చినను, ఎక్కడ ప్రభుత్వము మారినను, ఆ సంగతి మన పిల్లలకు పాఠ్యపుస్తకము కంటె ముందుగా ఒక ముఖాముఖి సంభాషణ రూపమున చేరుచున్నది. ఒక నాయకుడో, సేనానియో, రచయితయో కుర్చీలో కూర్చుండును. ఎదుట ఒక విలేఖరి కూర్చుండి ప్రశ్నించును. పూర్వము మనము దీనిని పత్రికలో చదివెడివారము, రేడియోలో వినెడివారము. ఇప్పుడు తండ్రి చేతి ఫోనులో అరనిమిషపు ముక్కగా పిల్లవాడు చూచుచున్నాడు. అట్టి ముక్కలను నమ్ముకొని, మన తొమ్మిదవ తరగతి బాలు రిద్దరు ఉక్రెయిను యుద్ధమును గూర్చి వాదులాడి, వారము దినములు ఒకరితో నొకరు మాటలాడుట మానివేసిరి. విచారింపగా, వారు చూచినవి ఒకే సంభాషణలోని రెండు ముక్కలని తేలినది. తలిదండ్రులకు ఈ విషయమున రెండు మాటలు వ్రాయవలెనని అప్పుడే నాకు తోచినది.

ఇంటర్వ్యూ అను మాటకు మన దేశభాషలలో ఒకే పేరు లేదు. మనము ముఖాముఖి యందుము. తమిళులు నేర్కాణల్ అందురు. అనగా ఎదురుగా చూచుట. కన్నడిగులు సందర్శన యందురు. మనకు సందర్శనమనగా గుడికో ప్రదర్శనశాలకో పోయి చూచుట. హిందీవారు సాక్షాత్కారమందురు; మన యిండ్లలో సాక్షాత్కారమనగా దేవుడు కనబడుటయే. (కొందరు నాయకులు విలేఖరులను పిలుచునప్పుడు మనసులో నుంచుకొనునది ఈ యర్థమేనేమో!) హోసూరు ప్రాంతమున ఈ భాషలన్నియు చెవిని బడుచుండును గనుక మన పిల్లల కివి క్రొత్త గావు. అయితే ఈ పేర్లలో ముఖము కలదు, చూపు కలదు. అడుగుట మాత్రము లేదు. నా మట్టుకు, సంభాషణకు ప్రాణము అడుగుటయే. సమాధానమును తూచవలెనన్న ముందు ప్రశ్నను చూడవలెను: అడిగిన వాడెవడు, ఎవరి కొరకు అడిగెను, ఏది అడుగక విడిచెను?

దీనికి 1908వ సంవత్సరము చక్కని నిదర్శనము. ఆ యేడు అక్టోబరు 28వ తేదీన లండనులోని డైలీ టెలిగ్రాఫ్ పత్రికలో జర్మనీ చక్రవర్తి రెండవ విల్‌హెల్ము సంభాషణ యొకటి వెలువడెను. అంతకు ముందటి యేడు చక్రవర్తి ఇంగ్లండునకు వచ్చి, స్టూవర్ట్ వర్ట్‌లీ అను సైనికాధికారికి చెందిన భవనములో విడిది చేసియుండెను. ఆ యధికారి తాను విన్న మాటలను కూర్చి సంభాషణగా సిద్ధపరచెను. రెండు దేశములకును స్నేహము పెరుగవలెనన్నదే వారి యుద్దేశము. కాని చక్రవర్తి పలికిన దేమి? ఆంగ్లేయులు పిచ్చివారైనారనెను. తాను వారికి మిత్రుడనే గాని తన ప్రజలలో పెక్కుమంది కారనెను. బోయరు యుద్ధకాలమున తానే ఒక యుద్ధప్రణాళిక వ్రాసి విక్టోరియా రాణికి పంపితి ననెను. ఇంగ్లండులోను, ఇతర దేశములలోను ఆగ్రహము పుట్టినది; అంతకు మించిన దుమారము జర్మనీలోనే చెలరేగినది. ప్రచురణకు ముందు ఆ ప్రతి ప్రధానామాత్యుడైన బ్యూలో చేతికి వచ్చినది. తాను దానిని చదువనే లేదని యాయన తరువాత చెప్పుకొనెను. మరుసటి యేడు ఆయన పదవి పోయినది. ఇందు ప్రశ్నించినవాడు విలేఖరి కాడు, ఆతిథ్యమిచ్చిన మిత్రుడు. “ప్రభూ, ఈ మాట పరులు విన్న నేమనుకొందురు?” అని యడుగువాడు ఆ గదిలో లేకపోయెను.

ఆ సంవత్సరమే మార్చిలో అమెరికాలోని పియర్సన్స్ మాగజైను మరియొక సంభాషణను ప్రకటించెను. మెక్సికో దేశాధ్యక్షుడు పోర్ఫీరియో డియాజ్ అప్పటికి 77 ఏండ్లవాడు. నడుమ కొంత విరామము తప్ప 1876 నుండియు ఆ దేశము నేలుచున్నవాడు. జేమ్స్ క్రీల్‌మన్ అను అమెరికా విలేఖరితో ఆయన, తన దేశము ప్రజాస్వామ్యమునకు సిద్ధమైనదనియు, ప్రతిపక్షము పుట్టినచో స్వాగతించెద ననియు, 1910లో తాను మరల నిలువననియు చెప్పెను. క్రీల్‌మన్ వ్యాసము స్తోత్రపాఠమువలె నుండును. అమెరికా ధనికులకు మెక్సికో మీద నమ్మకము నిలుపుటకే డియాజ్ ఆ మాటలు చెప్పెనని పెక్కురు చరిత్రకారుల యభిప్రాయము. పరుల చెవి కొరకు చెప్పిన మాట స్పానిష్ భాషలోనికి మారి, మెక్సికో పత్రికలో అచ్చయి, స్వదేశమునకు తిరిగి వచ్చెను. చదివినవారు నిజమని నమ్మిరి. ఫ్రాన్సిస్కో మదేరో అను భూస్వామి రాబోవు ఎన్నికను గూర్చి పుస్తకమే వ్రాసి, పోటీకి నిలిచెను. డియాజ్ మాట తప్పి తానును నిలిచి, 1910లో మదేరోను చెరసాలలో నుంచెను. ఆ నవంబరులో విప్లవము లేచినది; 1911 మే నెలలో డియాజ్ పదవి విడిచి ఫ్రాన్సునకు పోయెను. విప్లవమునకు కారణములు భూమి, కూలి, దారిద్ర్యము మున్నగునవి అనేకములు కలవు. అయినను నిప్పుకు గాలి తగిలించినది ఆ సంభాషణయే.

ఈ పాఠము చెప్పినపుడు ఎనిమిదవ తరగతి బాలిక యొకతె లేచి, “ఆ మాట తన ప్రజలకే ముందు ఎందుకు చెప్పలేదు, అయ్యవారూ?” అని యడిగినది. క్రీల్‌మన్ అడుగవలసిన ప్రశ్న అదియే.

పొగడుట యొక కొస యైన, పోరాడుట మరియొక కొస. ఇటలీ దేశపు ఓరియానా ఫల్లాచీ ఈ రెండవ తెగకు చెందినది. 1971 నాటి భారత పాకిస్తాను యుద్ధము ముగిసిన పిమ్మట, 1972లో ఆమె ఇందిరాగాంధిని ప్రశ్నించెను. అందు తన్ను గూర్చి యున్న మాటలు చూచి నొచ్చుకొని, భుట్టో ఆమెను పిలిపించి తానును సంభాషణ మిచ్చెను. ఇందిర తెలివితేటలను తేలిక చేసి మాటలాడెను. ఇరువురును శాంతి కొరకు కలిసికొనవలసిన తరుణమది. సంభాషణమంతయు తాను కల్పించితినని ప్రకటింపుమని పాకిస్తాను రాయబారి తన్ను బ్రతిమాలెననియు, తా నొప్పుకొనలేదనియు ఫల్లాచీ తరువాత వ్రాసికొన్నది. ఎట్లో ఆ జూలై 2వ తేదీన సిమ్లా ఒడంబడిక జరిగినది. ఆమె ప్రశ్న కత్తివంటిది, సందేహము లేదు. 1979లో ఇరానులో ఖొమేనీ యెదుట, స్త్రీల ముసుగును గూర్చి వాదించి, తాను కప్పుకొన్న దానిని అక్కడనే తీసివేసినది. సంస్కృతిని గూర్చిన ప్రశ్నకు అంతకన్న స్పష్టమైన రూపముండదు. అయినను అట్టి చోట్ల పాఠకుని కన్ను నాయకుని విడిచి విలేఖరి మీదికి పోవును. అది నాకంతగా రుచింపదు.

ఇక కత్తిరింపు సంగతి. 1977లో డేవిడ్ ఫ్రాస్టు అమెరికా మాజీ అధ్యక్షుడు నిక్సనును ప్రశ్నించినపుడు చిత్రించినది 28 గంటలకు పైబడి. ప్రసారమైనది అందులో కొలది భాగము. నిక్సనునకు 6 లక్షల డాలర్లు ముట్టినవి. కత్తిరించుట తప్పు కాదు, అంతసేపు ఎవరు చూతురు? కాని ఆ కొలది భాగమునుండి అరనిమిషము మరల కత్తిరించి యెవరో మన ఫోనునకు పంపినపుడు, ప్రశ్న యూడిపోయి సమాధానము మాత్రము మిగులును. మన బాలు రిద్దరి తగవునకు మూల మదియే.

మా తరగతిలో శనివారము నాడు ఒక పని చేయుచున్నాము. పత్రికలో వచ్చిన సంభాషణను తీసికొని, సమాధానములను కాగితముతో కప్పి, ప్రశ్నలు మాత్రము చదివింతుము. విలేఖరి భయపడినాడో, పొగిడినాడో, నిలదీసినాడో పిల్లలు వెంటనే పట్టుదురు. పిమ్మట అదే సంభాషణ తమిళ పత్రికలో నెట్లున్నదో చూతురు. ఒకమారు తెలుగు పత్రికలో నాయకుడు “చెప్పెను”, తమిళ పత్రికలో “హెచ్చరించెను”. ఏది మూలమునకు దగ్గరయని గంటసేపు వాదించిరి. ఇంటిలో నొక భాష, వీధిలో నొక భాష పిల్లలకు బరువని కొందరు తలిదండ్రులు నాతో విచారపడుచుందురు. ఒకే భాష వచ్చిన పిల్లవానికి ఈ తేడా కనబడుటకు దారియే లేదు.

ఇంటివద్ద మీరును దీనిని చేయవచ్చును. పిల్లవాడు ఫోను చూపి “ఈయన ఇట్లన్నాడు” అన్నపుడు, కోపపడక, “ఆయన్ని ఏమడిగారు నాయనా?” అని యడుగుడు. తెలియదన్నచో పూర్తి సంభాషణను వెదకించుడు. బడి చదువుగదిలో తెలుగు, తమిళ, కన్నడ పత్రికలు మూడును దాచియుంచుచున్నాము. సాయంకాలము బడి విడిచిన పిమ్మట ఒక గంటసేపు తలిదండ్రులును వచ్చి చదువుకొనవచ్చును.