కారు బ్యాటరీని కాపాడు పరీక్షా తీగ

కోనసీమలో ఒక యింటినుండి అర్ధరాత్రివేళ రోగిని కాకినాడ ఆసుపత్రికి తీసికొనిపోవలసి వచ్చినదనుకొందము. వాకిట కారున్నది. తాళము త్రిప్పినను చలనము లేదు. బ్యాటరీ క్రొత్తదే. మరి అందలి విద్యుత్తు ఎటు పోయినది? నిలిచియున్న కారులో సైతము ఆరని దీపమో, చెడిన రిలేయో, తేమకు చిలుము పట్టిన అతుకో దానిని త్రాగుచుండవచ్చును. ఆ దొంగను పట్టు ఉపాయము నిచట వివరింతుము.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన నాటినుండి కాలువనీటితో మెలగుచున్న డెల్టా రైతునకు నీటిమట్టము వేరు, పారుదల వేరని తెలియును. విద్యుత్తునందు వోల్టులు మట్టము వంటివి, ఆంపియర్లు పారుదల వంటివి. పారుదలను కొలువవలెనన్న ప్రవాహమంతయు మీటరు గుండానే పోవలెను. ఆంపియరు మీటరును బ్యాటరీ రెండు కొసలకు సూటిగా తగిలించినచో అది చెడిపోవును. దానిని దారి మధ్యనే చేర్చవలెను. అందులకు అనువైన చోటు ఫ్యూజు.

మాడిపోయిన రెక్కల ఫ్యూజు నొకదానిని తీసికొని, పైనున్న ప్లాస్టికును కొంత గీకి, రెండు రెక్కలకును 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగలను టంకముతో అతుకవలెను. అతుకులు ఒకదానికొకటి తగులరాదు. ఒక తీగ నడుమ మంచి ఫ్యూజు నొకదానిని గూటితో సహా చేర్చవలెను. అది కారులో తీసిన ఫ్యూజుకంటె గాని, 10 ఆంపియర్లకంటె గాని మించరాదు. తీగల కొసలను మల్టీమీటరు యొక్క 10 ఆంపియర్ల రంధ్రమునకు, కామన్ రంధ్రమునకు కలుపవలెను.

కారు నాపి, తలుపులు మూసి, తాళమును దూరముగ నుంచి అరగంట ఆగవలెను. నేటి కార్లలోని కంప్యూటర్లు నిద్రించుటకు అంత వ్యవధి కావలెను. పిదప ఒక్కొక్క ఫ్యూజును తీసి, ఆ స్థానమున తీగను గుచ్చి, అంకె నిలుకడగా నిలిచినంతవరకు వేచి చూడవలెను. తీగ యున్నంతసేపు ఇంజను నడుపరాదు, పెద్ద దీపములు వేయరాదు. గాలిసంచుల ఫ్యూజు జోలికి పోనేరాదు.

సాధారణముగ అన్ని దారులును కలిసి 50 మిల్లీ ఆంపియర్లకు మించరాదు. అర ఆంపియరు పారుచున్న, 36 ఆంపియరు గంటల బ్యాటరీ లెక్కప్రకారము మూడు దినములలో వట్టిపోవును. ఇంజను మొరాయించుట అంతకు ముందే.

దొంగ యే దారిలో నున్నదో తెలిసిన పిమ్మట, తీసిన ఫ్యూజునే యథాస్థానమున పెట్టి, ఆ దారిని మెకానిక్కునకు చూపుడు. పరీక్షింపక బ్యాటరీ మార్చినచో క్రొత్తదియు అటులనే ఎండును.