గ్యాస్ ఎక్కడికి పోయింది?

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కారు ఏసీ నవంబరులో పాడైతే ఆ సంగతి బయటపడేది ఉగాదికే. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కాబట్టి చలికాలమంతా అద్దాలు దించుకునే తిరిగేస్తాం. పండక్కి సామాను సర్దుకుని బయల్దేరితే కోలారు, ముళబాగిలు దాకా ఏ ఇబ్బందీ ఉండదు. పలమనేరు దాటి, మొగిలి ఘాట్ దిగి చిత్తూరు చేరేసరికి ఐదారు వందల మీటర్లు కిందికి వచ్చేసి ఉంటాం. అప్పుడు మీట తిప్పితే వేడిగాలి కొడుతుంది. వెనక సీట్లో పిల్లలు ఉక్కిరిబిక్కిరవుతుంటారు, పెద్దవాళ్లు కొంగుతో విసురుకుంటుంటారు. బాగేపల్లి మీదుగా అనంతపురం, కర్నూలు వెళ్లేవాళ్లకూ ఇదే అనుభవం.

తిరిగొచ్చి మెకానిక్ దగ్గరికి వెళితే చాలాచోట్ల వినిపించే మాట ఒకటే. “గ్యాస్ అయిపోయింది సార్, కొట్టేస్తే సరిపోతుంది.” కొట్టిస్తాం. కొన్నాళ్లు చల్లగానే ఉంటుంది. మళ్లీ వేసవికి మళ్లీ అదే మాట, మళ్లీ అదే బిల్లు. ఇంజిన్ ఆయిల్ మార్చినట్టు ఏటా గ్యాస్ కొట్టించడం కూడా ఒక సర్వీసే అని మనం నమ్మేశాం. నా అభ్యంతరం ఈ నమ్మకం మీదే. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యే సరుకు కాదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఇంకిపోవడం మామూలే. ఏడాదికే ఖాళీ అయిందంటే మాత్రం ఎక్కడో కారుతోందని అర్థం. ఆ చోటు వెతక్కుండా నింపడమంటే డబ్బుతో పాటు గ్యాస్‌నీ గాల్లో కలిపేయడమే.

ఇంకో సంగతి. చల్లదనం పోయిన ప్రతిసారీ గ్యాసే కారణం కాదు. గొట్టాల జోలికి పోకుండానే, మన పార్కింగ్‌లోనే, కళ్లతో చెవులతో పట్టుకోగలిగిన లోపాలు చాలా ఉన్నాయి. వాటిని చూసుకున్నాకే గ్యారేజీ గడప తొక్కాలి.

ముందు జాగ్రత్తలు. ఇంజిన్ నడుస్తుండగా చేయాల్సిన పరీక్షలు ఇందులో ఉన్నాయి కాబట్టి అపార్ట్‌మెంటు సెల్లారులో వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. బండిని ఆరుబయటికి తెచ్చి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేయండి. చున్నీలు, వదులైన చొక్కా చేతులు, గొలుసులు బెల్టుకు దూరంగా ఉండాలి. రేడియేటర్ ఫ్యాను చెప్పాపెట్టకుండా తిరగడం మొదలెడుతుంది. ఎలక్ట్రిక్ కారైతే బానెట్ కింద నారింజ రంగు కేబుళ్లను ముట్టుకోకండి, వాటిలో హైవోల్టేజి కరెంటు ఉంటుంది.

గాలి తగ్గిందా, చలువ తగ్గిందా?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం దారి దొరికినట్టే. గాలే సరిగా రావడం లేదంటే అనుమానించాల్సింది క్యాబిన్ ఫిల్టర్‌ని. సిల్క్‌బోర్డు నుంచి కె.ఆర్.పురం దాకా అవుటర్ రింగ్ రోడ్డు పొడవునా కొన్నేళ్ల పాటు మెట్రో పనులు సాగాయి. ఆ సిమెంటు దుమ్మంతా పీల్చుకున్నది ఈ ఫిల్టరే. చాలా కార్లలో గ్లవ్‌బాక్సు వెనక ఉంటుంది. పెట్టెను రెండు పక్కలా నొక్కి కిందికి దించితే సన్నటి ప్లాస్టిక్ మూత కనబడుతుంది. మూత తీసి ఫిల్టర్‌ని మెల్లగా బయటికి లాగండి. తెల్లగా ఉండాల్సిన మడతలు బూడిదరంగు అట్టలా గట్టిపడి ఉంటాయి. చెట్టు కింద నిలిపే బండి అయితే మడతల మధ్య ఎండిన కానుగాకు ముక్కలు, పూరేకులు, ఒక్కోసారి ఎలుక తెచ్చి పెట్టిన దూది కూడా ఉంటాయి. దులిపి మళ్లీ పెట్టేకన్నా కొత్తది వేయడమే మేలు. అంచు మీద బాణం గుర్తు ఉంటుంది. పాతది ఎటు ఉందో చూసుకుని కొత్తదీ అలాగే పెట్టాలి.

ఫ్యాను నాలుగో నంబరులో మాత్రమే తిరిగి, ఒకటి, రెండు, మూడులో కదలకపోతే అది బ్లోయర్ రెసిస్టర్ పని. చిన్న భాగమే. దీనికీ గ్యాస్‌కీ సంబంధం లేదు.

గాలి బాగా కొడుతోంది, చలువే లేదంటే బానెట్ ఎత్తాలి. లోపల ఒకరిని కూర్చోబెట్టి ఏసీ బటన్ నొక్కమనండి. బెల్టు తిప్పే చక్రాల్లో ఒకటి కంప్రెసర్‌ది. దాని ముందు పళ్లెం లాంటి ప్లేటు ఉంటుంది. ఏసీ ఆపి ఉన్నప్పుడు బయటి చక్రం ఒక్కటే తిరుగుతుంది, మధ్యలో ప్లేటు కదలదు. బటన్ నొక్కగానే టక్‌మని శబ్దం వచ్చి ప్లేటు చక్రానికి అతుక్కుని కలిసి తిరగాలి. అదే క్లచ్. 1939లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ తొలిసారి కార్లలో ఏసీ పెట్టి అమ్మినప్పుడు ఈ క్లచ్ లేదు. చలి ఎక్కువై ఏసీ పూర్తిగా ఆపాలంటే ఇంజిన్ ఆపి, దిగి, కంప్రెసర్ బెల్టు ఊడదీయాల్సి వచ్చేది! ఇప్పటి కొన్ని కార్లలోనూ క్లచ్ లేని కంప్రెసర్లు వస్తున్నాయి. వాటిలో టక్‌మనలేదని కంగారుపడనక్కర్లేదు.

క్లచ్ ఉండీ కదలకపోతే ఫ్యూజు బాక్సు తెరవండి. మూత మీది బొమ్మలో ఏసీ ఫ్యూజు, రిలే ఎక్కడున్నాయో ఉంటుంది. ఇంజిన్ ఆపి, ఫ్యూజు తీసి వెలుతురుకి పట్టి చూస్తే లోపలి తీగ తెగిందో లేదో తెలుస్తుంది. రిలేని పరీక్షించడానికి మీటరు కూడా అక్కర్లేదు. చాలా కార్లలో హారన్‌కీ ఏసీకీ ఒకే రకం రిలే వాడతారు. మీద అంకె ఒకటేనా అని చూసి రెండూ మార్చి పెట్టండి. ఏసీ పనిచేసి హారన్ మూగబోతే దొంగ దొరికినట్టే. ఆ తర్వాత టార్చి వేసి కంప్రెసర్‌కి వెళ్లే వైర్లు చూడండి. అగర చెరువు వైపు వీధుల్లో, ఖాళీ సైట్ల పక్కన నిలిపే బండ్లకు ఎలుకల బెడద ఎక్కువ. వైరు కొరికేసిన బండికి ఎంత గ్యాస్ కొట్టినా లాభం లేదు.

సిల్క్‌బోర్డు చెప్పే జబ్బు

హెచ్‌ఎస్‌ఆర్ వాళ్ల కార్లలో నేను ముందు అనుమానించేది దీన్నే. హైవే మీద ఏసీ చల్లగా ఉంటుంది. సిల్క్‌బోర్డు సిగ్నల్లో పది నిమిషాలు ఇరుక్కుంటే గోరువెచ్చగా అవుతుంది. బండి కదలగానే మళ్లీ చల్లబడుతుంది. యజమాని దీన్ని గ్యాస్ తక్కువనే అనుకుంటాడు. అసలు కారణం ఎక్కువసార్లు బండి ముందు భాగంలో ఉంటుంది.

ఏసీ చలువను పుట్టించదు, లోపలి వేడిని మోసుకొచ్చి బయట పారబోస్తుంది. పారబోసే చోటే కండెన్సర్. రేడియేటర్‌కి ముందు కనిపించే జాలీ అదే. కంప్రెసర్ నొక్కి పంపిన గ్యాస్ అక్కడ వేడి వదిలి ద్రవమవుతుంది. బండి పరుగెడుతుంటే ఎదురుగాలే ఆ వేడిని తీసుకుపోతుంది. సిగ్నల్లో ఆగితే ఎదురుగాలి ఉండదు, ముందు బస్సు వదిలే వేడి తప్ప. అప్పుడు భారమంతా ఫ్యాను మీదే. ఫ్యాను తిరగకపోయినా, జాలీ మూసుకుపోయినా గొట్టాల్లో ఒత్తిడి పెరిగిపోతుంది. అది హద్దు దాటితే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. బెంగళూరు చల్లని ఊరన్న ధీమా ఇక్కడ పనికిరాదు. 2016 ఏప్రిల్‌లో ఈ ఊళ్లో 39.2 డిగ్రీలు నమోదైంది.

పరీక్ష తేలిక. ఏసీ వేసి రెండు నిమిషాలు బానెట్ ముందు నిలబడండి. ఫ్యాను తిరగాలి, తిరిగి ఆగి మళ్లీ తిరుగుతున్నా సరే. అస్సలు కదలకపోతే ఫ్యూజు, రిలే, మోటారు చూడాలి. తిరుగుతుంటే ఇంజిన్ ఆపి, చల్లారాక, గ్రిల్ సందుల్లోంచి టార్చి వేయండి. కాగితమంత పల్చని అల్యూమినియం రెక్కలు వరసగా కనబడాలి. వాటి బదులు ఎర్రమట్టి పొర, రెక్కల మధ్య ఇరుక్కున్న పురుగులు, ఓ పాలిథిన్ ముక్క కనబడితే మీ జబ్బు ఏమిటో తెలిసినట్టే. మెత్తటి బ్రష్షుతో పైనుంచి కిందికి తోమి, నీళ్లు చిమ్మాలి. వాటర్‌వాష్ గన్ను దగ్గరగా పెట్టి కొట్టిస్తే రెక్కలు వంగిపోయి గాలి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. మొక్కలకు నీళ్లు చిమ్మే స్ప్రేయరు, అర బకెట్ వాడేసిన నీళ్లు చాలు. తాగునీటితో కారు కడిగితే ₹5,000 జరిమానా అని 2024 మార్చిలో బెంగళూరు నీటి బోర్డు ప్రకటించింది.

ఇంతా అయ్యాక వంటింటి థర్మామీటరు మధ్య వెంట్‌లో పెట్టి, లోపలి గాలే తిరిగేలా రీసర్క్యులేషన్ నొక్కి, ఫ్యాను మధ్యస్థంగా ఉంచి ఐదారు నిమిషాలు చూడండి. 5 నుంచి 10 డిగ్రీల మధ్య చూపిస్తే ఏసీ బాగున్నట్టు. మండుటెండలో కాస్త ఎక్కువున్నా ఫర్వాలేదు. అప్పటికీ పదిహేను, ఇరవై దగ్గరే ఆగిపోతే గొట్టాల లోపలి సంగతి తేల్చాలి.

అక్కడితో ఇంటి వైద్యం ఆపండి

ఆన్‌లైన్‌లో గ్యాస్ డబ్బాలు, చిన్న గేజీలు దొరుకుతున్నాయి. సొంతంగా కొట్టేసుకుందామని చాలామందికి ఉంటుంది. వద్దు. మన కార్లలో ఎక్కువగా ఉండే ఆర్-134ఏ గ్యాస్ మామూలు గాలి ఒత్తిడిలో మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. ద్రవంగా చేతి మీద పడితే చర్మం గడ్డకట్టిపోతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పైగా గేజీ చూసి గ్యాస్ ఎంతుందో చెప్పలేం. వంటగ్యాస్ సిలిండర్ నిండుగా ఉన్నా పావు వంతే ఉన్నా లోపలి ఒత్తిడి ఒకేలా ఉంటుంది, ఎంతుందో తూకం వేస్తేనే తెలుస్తుంది. ఆగి ఉన్న కారు ఏసీ కూడా అంతే. అందుకే బానెట్ కింద స్టిక్కరు మీద గ్యాస్ రకంతో పాటు పరిమాణాన్ని గ్రాముల్లోనే రాస్తారు. తక్కువైనా చలువ రాదు, ఎక్కువైనా రాదు.

మీరు చేయగలిగింది కారిన జాడ వెతకడం. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా గొట్టాల్లో తిరుగుతుంది. కారే చోట ఆ ఆయిల్ జిడ్డుగా బయటికొస్తుంది, దాని మీద దుమ్ము నల్లగా పేరుకుంటుంది. గొట్టాలు కలిసే బిగింపుల దగ్గర, కండెన్సర్ మూలల్లో, కంప్రెసర్ ముందు భాగంలో చూడండి. అనుమానం వచ్చిన చోట సబ్బు నురగ రాస్తే పెద్ద లీకైతే బుడగలు కడతాయి. ఫోటో తీసుకుని మెకానిక్‌కి చూపించండి. చలికాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేస్తే ఆ ఆయిల్ కంప్రెసర్ సీలుకు అంది, సీలు ఎండిపోకుండా ఉంటుంది. బెంగళూరు బండ్లకు ఈ అలవాటు తప్పనిసరి.

దీన్ని ఇంత పట్టుబట్టి చెప్పడానికి డబ్బొక్కటే కారణం కాదు. ఆర్-134ఏ వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 1,430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఒక చిన్న కారులోంచి 400 గ్రాములు కారిపోతే 570 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. దాదాపు 250 లీటర్ల పెట్రోలు కాల్చినంత. యూరప్‌లో 2017 నుంచి కొత్త కార్లలో ఈ గ్యాస్ వాడకూడదు. కిగాలీ ఒప్పందం ప్రకారం మన దేశం ఈ తరహా గ్యాసుల వాడకాన్ని 2032 నుంచి అంచెలంచెలుగా తగ్గించాలి. అప్పటిదాకా రోడ్ల మీదున్న ఈ కార్లలోని గ్యాస్‌ని గొట్టాల్లోనే ఉంచే బాధ్యత మనదీ, మెకానిక్‌దీ.

గ్యారేజీలో అడగాల్సింది ఇది. “అన్నా, కొట్టే ముందు లీకు చూడండి.” పాత గ్యాస్‌ని గాల్లోకి వదిలేయకుండా మెషీన్‌తో తీయాలి. నైట్రోజన్ పట్టి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూడాలి. కారే భాగం మార్చాక కనీసం అరగంట వ్యాక్యూమ్ పెట్టాలి, లోపల తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచుగడ్డ కట్టి అడ్డుపడుతుంది. ఆపైన స్టిక్కరు మీదున్నన్ని గ్రాములు తూచి నింపాలి. బిల్లు మీద రెండు అంకెలు రాయించుకోండి: ఎన్ని గ్రాములు తీశారు, ఎన్ని గ్రాములు నింపారు. ఎప్పుడైనా చలువ మళ్లీ తగ్గితే, కొత్త బిల్లులోని మొదటి అంకెను పాత బిల్లులోని రెండో అంకెతో పోల్చి చూస్తే ఎన్ని నెలల్లో ఎంత కారిందో మెకానిక్‌కి లెక్క దొరుకుతుంది.