రాత్రివేళ పంటి తొడుగు

నిద్రలో పటపట పండ్లు కొరుకుటకు కడుపులోని నులిపురుగులే కారణమని పెద్దలందురు. అది రుజువైన మాట కాదు. పంటిపైనుండు ఎనామిల్ అను పింగాణి పొర శరీరములోనెల్ల గట్టిది. అయినను అరిగినచో మరల పెరుగదు. అందులకే వైద్యులు రాత్రివేళ తొడుగు ధరింపుమందురు. అది కొరుకుటను మాన్పదు. అరుగుదలను తాను భరించి పంటిని కాచును.

అంగడి తొడుగును వేడినీట మెత్తపరచి కరచి అమర్చుకొందురు. వెల తక్కువయే కాని, వదులై జారవచ్చును. దంతవైద్యుడు పండ్ల అచ్చు తీసి చేయించునది చక్కగా నమరును. కొద్దిగా కొరుకువారికి మెత్తనిది చాలును. బలముగా కొరుకువారికి గట్టి ఆక్రిలిక్ తొడుగు మేలు. దానిని చన్నీటనే కడుగవలెను.

పిల్లలకు మాత్రము తలిదండ్రులు తొందరపడి కొనరాదు. దవడ పెరుగు వయస్సున తొడుగు త్వరలో ఇరుకగును. అలవాటు పెక్కుమందికి తానే పోవును. గురకయు తోడైనచో వైద్యునకు చూపవలెను.