మంచుచరియలు – తెలుసుకోవలసిన సంగతులు

మనకు మంచు అంటే పుష్యమాసంలో తెల్లవారుజామున పొలాల మీద పరుచుకునేదే. ఎండ రాగానే పోతుంది. హిమాలయాల్లో అలా కాదు. నెలల తరబడి పొర మీద పొరగా పేరుకుంటుంది.

2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. అప్పటినుంచి మనలో చాలామందికి కొండలెక్కాలనే కోరిక ఉంది. అదే ఏడాది ఏప్రిల్ 18న ఆ శిఖరానికే నేపాల్ వైపు దారిలో పెద్ద మంచుగడ్డ విరిగిపడి 16 మంది చనిపోయారు. ధైర్యం ఒక్కటే చాలదు, మంచు గుణం కూడా తెలియాలి. అందుకే మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

ఎలా జారుతుంది?

నేలకు దగ్గరి మంచు కాస్త వెచ్చగా, పైమంచు బాగా చల్లగా ఉంటే లోపలి ఆవిరి పైకి కదులుతుంది. దానితో అడుగు మంచు పంచదార పలుకుల్లా విడివిడిగా మారుతుంది. ఆపైన గాలి తెచ్చిపోసిన మంచు గట్టిపడి పలకలా అవుతుంది. ఏటవాలులో పంచదార పోసి, దానిమీద నాపబండ పెట్టినట్టన్నమాట! మనిషి అడుగు పడితే చాలు, పలక మొత్తం పగిలి జారుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఈ ప్రమాదం ఎక్కువ. ఇలా చనిపోయినవారిలో చాలామంది విషయంలో ఆ పలకను కదిలించింది వాళ్ళో, వాళ్ళ తోటివాళ్ళో!

గుర్తులు ఏమిటి?

దగ్గరలో కొత్తగా జారిన చరియలు, కాలి కింద ధబ్‌మని కుంగిన చప్పుడు, మంచులో పాకే పగుళ్ళు, ముందురోజు కురిసిన భారీ మంచు, ఈదురుగాలి, ఒక్కసారిగా కాసిన ఎండ. వీటిలో ఏది కనిపించినా ఆ వాలు మీదికి పోకూడదు.

కూరుకుపోతే?

పది నిమిషాల్లో తవ్వి తీస్తే పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురే. బయటి సాయం అంతలో రాదు. పక్కవాడే దిక్కు. కాబట్టి ప్రతి ఒక్కరి దగ్గర సంకేతాలు పంపే పరికరం, మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, పార ఉండాలి. అనుమానమున్న వాలును ఒక్కొక్కరే దాటాలి, మిగతావారు చూస్తూ ఉండాలి.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో పదిమంది జవాన్లు మంచు కింద పడ్డారు. వారిలో మన కర్నూలు జిల్లావాసి ఒకరు. ఆరో రోజున హనుమంతప్ప ఒక్కరే ప్రాణాలతో దొరికి, 11న కన్నుమూశారు. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ జిల్లాలో పర్వతారోహణ శిక్షణకు వెళ్ళినవారి మీద చరియ పడి, 27 మృతదేహాలు దొరికాయి. నేర్పేవారు వెంట ఉన్నా ప్రమాదం ఉంటుందన్నమాట.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మా ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చినవాళ్ళం మేమే మొదటివాళ్ళం. మీలోనూ చాలామంది అంతే. మన మీద ఇల్లంతా ఆశ పెట్టుకుని ఉంటుంది. కొండకు వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. కానీ బయలుదేరేముందు "ఈరోజు మంచు ఎలా ఉంది?" అని అడగండి. బాగాలేదంటే వెనక్కి రండి. అది పిరికితనం కాదు.